దసరా రాత్రి వెలగని తారలు, ఇప్పటికీ రాని జవాబు

హనుమకొండ,
28-10-2025

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికి 'మీ ఫిర్యాదు నమోదైంది' అన్న మెసేజ్ తప్ప మనిషి రాసిన వాక్యం ఒక్కటీ రాలేదు.

అక్టోబరు 2న, దసరా నాడు, జమ్మి పంచుకున్నాక మా కాలనీ మైదానంలో రావణుణ్ణి కాల్చి, ఆకాశంలో పగిలి రంగులు చిమ్మే మీ కంపెనీ బాణసంచా షెల్స్ పేల్చాం. పైకి పోయాయి, పగిలాయి, చప్పుడూ వచ్చింది. కానీ ఒక్కోదాంట్లో నాలుగైదు తారలు, అంటే లోపలి రంగు మందు ఉండలు, మెరిసి, మిగతావి చీకట్లోనే రాలిపోయాయి. పిల్లలు తల పైకెత్తి చూస్తూనే ఉండిపోయారు.

మర్నాడు మీ నంబరుకు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట విన్నాక ఒకబ్బాయి ఎత్తి బ్యాచ్ నంబరు అడిగాడు, చెప్పాను. పెట్టె ఫొటో అడిగాడు, పంపాను. రెండు రోజులకు ఇంకో అమ్మాయి ఎత్తి మళ్లీ బ్యాచ్ నంబరు దగ్గర మొదలుపెట్టింది. వీడియో కావాలంటే అదీ పంపాను. "సార్, ఇందులో అంతా చీకటే ఉంది, ఏం కనపడట్లేదు" అంది. "అమ్మా, నా ఫిర్యాదే అది" అనేలోపు లైన్ కట్టయింది. సాయంత్రానికి ఫిర్యాదు పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది.

మళ్లీ చేస్తే మూడో ఆయన "మీ దగ్గర చెమ్మ తగిలుంటుంది" అన్నాడు. మీ పెట్టెలు వచ్చింది పండుగ ముందురోజే. అదే గదిలో పెట్టిన చిచ్చుబుడ్లు ఒక్కటీ ఆగకుండా కాలాయి. నాలుగో ఆయన సుప్రీంకోర్టు మీదికి తోశాడు. 2018లో కోర్టు బేరియం లవణాలు వాడొద్దన్నది నిజమే, దానివల్ల ఆకుపచ్చ తగ్గితే అర్థం చేసుకుంటాను. స్ట్రాన్షియంతో వచ్చే ఎరుపు తారలు కూడా ఎందుకు అంటుకోలేదు? నేను ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. రంగు మందు త్వరగా అంటుకోదని, అందుకే తార మీద తుపాకిమందు పూత వేస్తారని నాకు తెలుసు. ఆ పూత సరిగ్గా పట్టకపోతే, షెల్ పగిలిన ఊపుకు మంట లోపలికి పాకకముందే ఆరిపోతుంది. ఈ మాట మీ వాళ్లలో ఒక్కరూ పూర్తిగా వినలేదు.

హైదరాబాద్ డిస్ట్రిబ్యూటరు శివకాశిని అడగమన్నాడు. శివకాశి వాళ్లు డిస్ట్రిబ్యూటరునే అడగమన్నారు. చివరికి "దీపావళి రద్దీ పోనీయండి" అన్నారు. దీపావళి పోయి వారం దాటింది.

2009 నుంచి మా కాలనీకి మీ సరుకే. పక్క కాలనీ వాళ్లు చవకగా దొరుకుతుందని వేరేది తెచ్చుకున్నా మేం మారలేదు. కరోనా ఏడు ఉత్సవం జరగకపోయినా మీ ఏజెంటు దగ్గర అడ్వాన్సు వెనక్కి అడగలేదు. అంత నమ్మినవాళ్లకు మీరిచ్చిన విలువ ఇదా?

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. మర్నాడు పొద్దున పిల్లలు డాబాల మీద, మైదానంలో రాలిన ఆ తారలను గోళీలనుకుని ఏరుకున్నారు. ఒక పిల్లవాడు జేబు నిండా వేసుకుని, దేవుడి దగ్గర వెలిగించిన అగరొత్తి పట్టుకుని బయటికొస్తుంటే వాళ్ల నాయనమ్మ చూసి గుంజుకుంది. ఇల్లిల్లూ తిరిగి ముప్పై ఏడు పోగుచేసి నీళ్లలో వేశాం. చూడనివి ఇంకెన్ని ఉన్నాయో, ఎవరి ఇంట్లో ఉన్నాయో!

ఈ బ్యాచ్‌ను దుకాణాల నుంచి వెంటనే వెనక్కి తీసుకోండి. మా దగ్గర మిగిలిన రెండు పెట్టెలు మీ మనిషి స్వయంగా వచ్చి తీసుకుపోవాలి, డబ్బు ఆనాడే ఇవ్వాలి. తప్పెక్కడ జరిగిందో సంతకం చేసి రాసివ్వాలి. పది రోజులు చూస్తాను. తర్వాత బిల్లు, వీడియో, మీ మెసేజ్‌లు అన్నీ పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పేలుడు పదార్థాల శాఖకూ రాస్తాను.

ఇకమీదట నాకు ఫోన్ చేసేవారు దయచేసి బ్యాచ్ నంబరు అడగొద్దు. అది మీ దగ్గర ఇప్పటికే ఆరుసార్లు నమోదై ఉంది.

ఇట్లు,
ఉత్సవ కమిటీ కార్యదర్శి