ఇటుక తీశారు, ఉప్పు తీయలేదు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

జింకలు నాకడానికి లవణ ఇటుకలు, అంటే ఉప్పూ ఖనిజాలూ కలిపి చేసిన దిమ్మలు, పెట్టే పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పచ్చిమేతలో సోడియం తక్కువని, లేత గడ్డిలో పొటాషియం ఎక్కువై ఉన్న సోడియం కూడా ఒంట్లోంచి పోతుందని, కొమ్ములు ఎదగాలన్నా తల్లికి పాలు పడాలన్నా కాల్షియం, ఫాస్ఫరస్ కావాలని మీ శాఖ బోర్డే చెబుతోంది. బోర్డు చక్కగా ఉంది. కారులో పోతూ కూడా చదువుకోవచ్చు. మా గొడవల్లా అదే.

ఇటుక ఎక్కడ పెడితే జింకలు అక్కడికే వస్తాయి. మీవాళ్లు రోడ్డు పక్కన పెట్టారు. పొద్దుగూకాక, తెల్లవారుజామున మందగా వచ్చి నాకుతుంటాయి. లైటు పడగానే బెదిరి అడవిలోకే పోతాయన్న గ్యారంటీ లేదు, ఒక్కోసారి బండి కిందకే దూకుతాయి. అర్జీల మీద అర్జీలు పెట్టాం, ఫొటోలు జత చేశాం. చివరికి సిబ్బంది వచ్చి ఇటుక పట్టుకెళ్లారు. ‘సమస్య పరిష్కరించబడినది’ అని జవాబు కూడా వచ్చింది.

అయ్యా, ఇటుక పోయింది గానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు. వానలకు కరిగి ఆ బంకమట్టిలోకే ఇంకింది. ఇప్పుడు జింకలు గిట్టలతో గీరి ఆ మట్టినే నాకుతున్నాయి. గుంత పెద్దదవుతోంది, రోడ్డు వైపే జరుగుతోంది. ఉప్పు పట్టిన నేలను అవి అంత త్వరగా వదలవని మీ శాఖలో తెలియనివారుంటారా? తెలిసే ఫైలు మూశారా? ఆ జవాబు కాపీ ఒకటి జింకలకు కూడా పంపాల్సింది.

దయచేసి ఆ మట్టిని లోతుగా తవ్వించి తీసేయండి, వేరే మట్టితో పూడ్పించండి. కొత్త ఇటుక అడవి లోపల పెట్టించండి. నీరు నిలవని మెరక మీద, రోడ్డుకూ పొలాలకూ దూరంగా ఉండాలి. పశువులు తిరిగే దారిలో అసలొద్దు, గాలికుంటు రోగం వాటి నుంచి జింకలకు అంటుకుంటుంది. అన్నీ ఒక్కచోటే గుమిగూడకుండా రెండు మూడు చోట్ల పెడితే ఇంకా మంచిది. వేటగాళ్లు మాటు వేసేదీ అలాంటి చోట్లే కాబట్టి గస్తీ కావాలి. సిమెంటు దిమ్మె, రంగుల బోర్డు, రిబ్బను లేకపోయినా జింకలేమీ అనుకోవు. ముందు ఆ మట్టి తీయించండి సార్, మిగతావి తర్వాతైనా సరే.

తవ్విన మట్టిని మాత్రం మళ్లీ ఆ రోడ్డు పక్కనే పోయించకండి. ఇది కూడా రాయాల్సి వస్తోందంటే, మీవాళ్ల మీద మాకున్న నమ్మకం అలాంటిది మరి.

ఇట్లు,
రోజూ ఆ దారిన బండి నడిపే ఒక పౌరుడు