బన్నీ టీమా, బిల్బీ టీమా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆస్ట్రేలియాలో మనవలు, మనవరాళ్లు ఉన్న మీ పాఠకుల కోసం ముఖ్యంగా ఈ లెటర్ రాస్తున్నానండి. నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడ ఈస్టర్ వచ్చిందంటే చిన్నపిల్లల మధ్య ఒక పోటీ నడుస్తుంది, చాక్లెట్ గుడ్లు తెచ్చిపెట్టేది బన్నీ అనే కుందేలా, బిల్బీనా అని. మన ఊళ్లల్లో ఈస్టర్ అంటే తెల్లారకముందే లేచి చర్చికి వెళ్లడం, కుందేలు ఊసే ఉండదు, అందుకని ఇక్కడి మనవడు ఫోన్‌లో బిల్బీ బిల్బీ అని అరుస్తుంటే అక్కడి పెద్దాళ్లకి అదేదో కార్టూన్ అనుకుని ఊరుకోవడమే అవుతోంది. కార్టూన్ కాదండి, నిజంగా ఉన్న జంతువు, అదీ తగ్గిపోతున్న జంతువు.

సైజు కుందేలంత ఉంటుంది, చెవులు కూడా అంతే పొడుగు, మూతి మాత్రం సన్నగా ముందుకి సాగి ఉంటుంది, ఒళ్లంతా నీలం బూడిద కలిసిన మెత్తటి బొచ్చు, తోక సగం నలుపు చివర తెలుపు. ఎడారిలో బతుకుతుంది, పగలంతా బొరియలో పడుకుని రాత్రిపూట బయటికొచ్చి చెదలు, గింజలు, దుంపలు తింటుంది, విడిగా నీళ్లు తాగాల్సిన పనే పెద్దగా ఉండదు. కంగారూలాగే దీనికీ పొట్ట దగ్గర సంచి ఉంటుంది, కానీ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా! ఇది విన్నప్పటి నుంచి నాకు ఈ జంతువంటే చెప్పలేనంత ఇష్టం.

ఇక పోటీ ఎందుకొచ్చిందంటే, ఆస్ట్రేలియాకి కుందేలు బయటి నుంచి వచ్చింది. మేముండే వైపు నుంచి గీలాంగ్ దాటి వెళ్తే వించెల్సీ అని చిన్న ఊరు వస్తుంది, దాని దగ్గరే బార్వన్ పార్క్ ఎస్టేట్, 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన వేటాడుకోడానికి ఇంగ్లాండ్ నుంచి కుందేళ్లని ఓడలో తెప్పించి అక్కడే వదిలాడు, ఇరవై నాలుగో ఎన్నో అంతే, అవి పెరిగి పెరిగి కోట్లల్లోకి వెళ్లి డెబ్బై ఏళ్లు తిరిగేసరికి ఖండంలో చాలా భాగం ఆక్రమించేశాయి. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో వాటిని ఆపడానికి వెయ్యి మైళ్లకి పైగా కంచె కట్టారు, 1950లో ఏకంగా కుందేళ్లని చంపే వైరస్ వదిలారు, అయినా పూర్తిగా పోలేదు. క్వీన్స్‌లాండ్‌లో అయితే ఈరోజుకీ ఇంట్లో కుందేలు పెంచుకోకూడదు, మేజిక్ షోలు చేసేవాళ్లకి, పరిశోధనలకి తప్ప పర్మిషన్ ఇవ్వరు. కుందేళ్లు మొక్కల్ని మొదలంటా తినేసి బిల్బీ తిండి లేకుండా చేశాయి, కుందేళ్లని తిని బలిసిన నక్కలు, అడవి పాలైన పెంపుడు జాతి పిల్లులు బిల్బీల్ని కూడా తినేశాయి. చిన్న బిల్బీ అని ఇంకో జాతి ఉండేది, అది పూర్తిగా పోయింది, ఇప్పుడు మిగిలింది పెద్ద బిల్బీ ఒక్కటే.

ఈస్టర్ బిల్బీ అనే ఆలోచన మొదట పిల్లల దగ్గర నుంచే వచ్చిందండి. 1968లో తొమ్మిదేళ్ల పాప ఒకతె దాని మీద కథ రాసుకుంది, అది 1979లో పుస్తకంగా వచ్చింది. తర్వాత 1991లో కుందేళ్ల బెడద మీద పనిచేసే ఒక ఫౌండేషన్ బన్నీ బదులు బిల్బీ అని ప్రచారం ఎత్తుకుంది, అడిలైడ్‌లోని హేగ్స్ చాక్లెట్ కంపెనీ 1993 నుంచి చాక్లెట్ కుందేళ్లు మానేసి బిల్బీలు చేస్తోంది. ఇంకో సంగతి, యూరప్‌లో ఈస్టర్ వసంతంలో వస్తుంది కాబట్టి అక్కడ కుందేలు పిల్లలకి అర్థం ఉంది, ఇక్కడ అదే టైమ్‌కి ఆకులు రాలుతుంటాయి, కాబట్టి బిల్బీకే పాయింట్ ఎక్కువ అని నేనంటాను.

మా చిన్నది వెళ్లే కిండర్‌లో, అంటే చిన్నపిల్లల బడిలో, ఈసారి రెండు టీములు చేసి ఆడించారు. బన్నీ టీమ్ గెంతుకుంటూ వెళ్లి గడ్డిలో గుడ్లు వెతకాలి, బిల్బీ టీమ్ ఇసుక తవ్వి బయటికి తీయాలి. ఒక బాబు పెయింటింగ్ ఆప్రాన్ తీసుకొచ్చి జేబు వీపు వైపుకి వచ్చేలా వెనక్కి తిప్పి కట్టుకున్నాడు, ఎందుకురా అంటే ఇసుక పడకూడదు కదా అన్నాడు, వాడికి నాలుగేళ్లు. టీచర్ ఒక్క ముక్క పాఠం చెప్పకుండానే సంచి సంగతి వాడి బుర్రలోకి ఎక్కేసింది, పోటీ వల్ల ఉపయోగం అంటే నాకు ఇదే.

అయితే ఒక మాట గట్టిగానే చెప్పాలి. కొందరు పెద్దాళ్లు దీన్ని సీరియస్‌గా తీసుకుని కుందేలు చెడ్డది, దాన్ని చంపేయాలి అని మూడేళ్ల పిల్లల ముందు అంటున్నారు, మొన్న ఒక బర్త్‌డే పార్టీలో అలాగే అంటే కుందేలు బొమ్మతో వచ్చిన పాప బొమ్మని డ్రెస్ వెనక దాచేసుకుంది. ఇది చాలా తప్పండి. ఓడెక్కించి తెచ్చింది మనుషులు, వేట సరదా మనుషులది, కుందేలుకేం తెలుసు? కంచెలు, వైరస్‌లు పెద్దాళ్ల పని, అవి కావాల్సిందే అనుకుందాం, పిల్లల దగ్గర మాత్రం రెండు బొమ్మలూ పోటీ పడాలి, ఒకసారి ఇది గెలవాలి ఒకసారి అది గెలవాలి, గుడ్లు చివరికి అందరూ పంచుకోవాలి.

ఇక్కడుండే మన తెలుగు తల్లిదండ్రులకి, ఈస్టర్ చాక్లెట్లు కొనేటప్పుడు కుందేలుతో పాటు ఒక బిల్బీ కూడా కొనండి, డబ్బులో కొంత నిజం బిల్బీల సంరక్షణకి వెళ్తుందేమో ప్యాకెట్ మీద చూసి తీసుకోండి. క్వీన్స్‌లాండ్‌లో కర్రావిన్యా నేషనల్ పార్క్‌లో నక్కలు, పిల్లులు రాకుండా కంచె వేసి 2019లో బిల్బీల్ని మళ్లీ వదిలారు, ఆ పని వెనక జనం ఇచ్చిన విరాళాలు చాలా ఉన్నాయి.

మీకు ఒక రిక్వెస్ట్ కూడా ఉంది. సెప్టెంబర్‌లో రెండో ఆదివారం ఇక్కడ నేషనల్ బిల్బీ డే చేస్తారు. ఆ వారం మీ పిల్లల పేజీలో కుందేలు, బిల్బీ పక్కపక్కన రంగులు వేసుకునేలా బొమ్మ వేయండి, మనవడు ఇక్కడ తాత అక్కడ ఒకే బొమ్మకి రంగులేసుకుంటారు. బొమ్మ వేసే ఆర్టిస్ట్ గారికి ఒక్కటి చెప్పండి, బిల్బీ తోక కుందేలుకి వేసినట్టు పొట్టిగా గుండ్రంగా వేయొద్దు, పొడుగ్గా వేసి చివర తెలుపు వదిలేయమనండి.

ఇట్లు,
మెల్‌బోర్న్ నుంచి ఒక పాఠకురాలు