కోర్టుకు పోయే ముందు ఒక్క మాట అడగండి: కౌన్సిల్ ట్యాక్స్ బకాయిల మీద బ్రిటన్ మంత్రికి బహిరంగ లేఖ

గృహనిర్మాణ, స్థానిక ప్రభుత్వాల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటున్న మా తెలుగువాళ్లు కూడా చదవాలని ఈ లేఖ తెలుగులో రాస్తున్నాం. మిమ్మల్ని అడిగేవీ వాళ్లకు చెప్పాల్సినవీ ఇందులో కలిసే ఉంటాయి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దెకున్నవాళ్లకు ఇంటి పన్ను గొడవే తెలియదు. అది ఓనరు చూసుకుంటాడు. అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నాక, స్థానిక కౌన్సిల్ వేసే ఇంటి పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్స్, అద్దెకున్నవాళ్ల నెత్తినే ఉంటుందని మొదటి బిల్లు వచ్చేదాకా తట్టదు. ఇంకో అలవాటు కూడా దెబ్బ తీస్తుంది. జీహెచ్‌ఎంసీ బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ వన్ టైమ్ సెటిల్‌మెంట్ పథకాలు పెట్టింది కాబట్టి, ఆగినవాడికే లాభం అన్న లెక్క మనలో చాలామందికి ఉంది. ఇక్కడ కథ వేరు. కౌన్సిల్ ట్యాక్స్ బకాయికి వడ్డీ ఉండదు. దానికి బదులు కోర్టు ఖర్చులూ జప్తు ఫీజులూ మెట్టు మెట్టుకూ పడతాయి. మాఫీ కోసం ఎదురుచూస్తే పెరిగేవి అవే.

మీ వసూలు నిబంధనలు 1992 నాటివి. 2025-26లో ఇంగ్లండ్ సగటు బ్యాండ్ డి (ఇంటి విలువను బట్టి పెట్టే తరగతుల్లో ఒకటి) బిల్లు 2,280 పౌండ్లు. ఏప్రిల్ నుంచి జనవరి దాకా 10 వాయిదాలు, ఒక్కోటి 228. ఏప్రిల్‌ది కట్టి మే వాయిదా తప్పిన కుటుంబాన్ని తీసుకోండి. రిమైండర్ వస్తుంది, 7 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే మరో 7 రోజులకు వాయిదాల హక్కు పోతుంది. మిగిలిన 2,052 పౌండ్లూ ఒక్కసారే కట్టాలి. 228కి తడుముకుంటున్న ఇంటిని రెండు వారాల్లో దానికి తొమ్మిది రెట్లు అడగడంలో వసూలు తెలివి ఏముందో మాకు అర్థం కాలేదు. రిమైండర్లు కూడా ఏడాదికి రెండే. మూడోసారి తప్పితే నేరుగా ఫైనల్ నోటీసు, ఆ తర్వాత మెజిస్ట్రేట్ కోర్టు సమన్లు, లయబిలిటీ ఆర్డర్ (బకాయి వసూలు చేసుకొమ్మని కోర్టు ఇచ్చే ఉత్తర్వు). కోర్టు ఖర్చులకు వేల్స్‌లో 70 పౌండ్ల పరిమితి ఉంది. ఇంగ్లండ్‌లో అంకె ఏదీ లేదు, ‘సమంజసమైన’ ఖర్చు అంటారంతే.

వాయిదా తప్పకుండానే బకాయి పడేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా వాళ్లలో ఇది ఎక్కువగా స్టూడెంట్ ఇళ్లలో జరుగుతుంది. నలుగురూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇంటికి పన్నే లేదు. అందులో ఒకరి మాస్టర్స్ సెప్టెంబరు మధ్యలో ముగిసిందనుకోండి. కాన్వొకేషన్ ఎప్పుడన్నది కౌన్సిల్‌కు పట్టదు, యూనివర్సిటీ ఇచ్చిన కోర్సు ముగింపు తేదీయే చూస్తుంది. ఆ రోజు నుంచి ఇంటి మినహాయింపు పోతుంది. మిగతా ముగ్గురూ విద్యార్థులే కాబట్టి వాళ్లు బాధ్యులు కారు. 25 శాతం డిస్కౌంటు పోగా మొత్తం పన్ను ఆ ఒక్కరి మీదే. పై లెక్కనే చూస్తే మార్చి ఆఖరుకు సుమారు 926 పౌండ్లు. అద్దె నలుగురు పంచుకున్నా పన్ను పంచుకోమని చట్టం చెప్పదు. స్నేహితులు ఒప్పుకుంటే సరి, లేకపోతే లేదు. గదికో అగ్రిమెంట్ రాసిన హెచ్ఎంఓ (వేర్వేరు కుటుంబాలవాళ్లు కలిసి ఉండే అద్దె ఇల్లు) అయితే పన్ను ఓనరుదే. అందుకే బిల్లు రాగానే మొదట తీసి చూడాల్సింది అగ్రిమెంటు.

ఇలాంటి బిల్లు ఆలస్యంగా వస్తే వాయిదాలూ తగ్గిపోతాయి. జనవరి ఒకటి నుంచి వచ్చిన బిల్లును ఒక్కసారే కట్టాలి. గడిచిపోయిన సంవత్సరానికి ఇప్పుడు బిల్లు పంపినా అంతే: కనీసం 14 రోజుల గడువు, మొత్తం సొమ్ము. పాత సంవత్సరాలకు వాయిదాలు ఇవ్వాలన్న హక్కు నిబంధనల్లో ఎక్కడా లేదు. ఇచ్చారంటే అది ఆ కౌన్సిల్ దయ.

బకాయి నిజంగా మనదేనా అని తేల్చుకోకుండా వాయిదాల ప్లాను అడగకూడదు. ఇల్లు మారిన తేదీలు, పాత అడ్రసు, విద్యార్థిగా ఉన్న కాలానికి యూనివర్సిటీ సర్టిఫికెట్, ఇవి ముందు సరిచూసుకోవాలి. విద్యార్థి భార్యో భర్తో బ్రిటిష్ పౌరులు కాకుండా, పని చేయడానికి గానీ ప్రభుత్వ సాయం తీసుకోవడానికి గానీ వీసా అడ్డుపడుతుంటే, వాళ్లనూ లెక్కలోంచి తీసేయాలి. పాత బిల్లులో ఈ సంగతి చూడకుండా వేసి ఉంటే తిరగదోడించవచ్చు. కౌన్సిల్‌కు రాతపూర్వకంగా రాయాలి. రెండు నెలల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తప్పని తోచినా ఈ పన్ను వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ‘ఈ పన్ను నాది కాదు’ అన్న వాదన మెజిస్ట్రేట్ ముందు నిలబడదు, దానికి చోటు ట్రిబ్యునలే.

ఇక్కడ మీ శాఖ ఒక్క వాక్యంతో తీర్చగలిగిన గందరగోళం ఒకటుంది. మా వాళ్ల వీసాల మీద ‘పబ్లిక్ ఫండ్స్ లేవు’ అని ఉంటుంది, అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదని. అందువల్ల ఒంటరిగా ఉన్నవారికి దక్కే 25 శాతం డిస్కౌంటు అడగడానికి కూడా జంకుతారు. అది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, విద్యార్థి మినహాయింపూ రాదు. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం వస్తుంది. అది తీసుకుంటే వీసా షరతు తప్పినట్టే. బకాయిలో ఉన్నారని చెప్పగానే ‘రిడక్షన్‌కు అప్లై చేయండి’ అనేది మామూలు సలహా. వీసా మీద ఉన్న మనిషికి ఆ సలహా ప్రమాదం. ఈ తేడా బిల్లు వెనక రాయించండి.

ఇప్పుడు ప్లాను సంగతి. కౌన్సిల్‌ను ముందు ఏ సంవత్సరానికి ఎంత, ఏ దానిమీద ఆర్డర్ ఉంది, ఖర్చులెంత అని విడివిడిగా అడగాలి. తర్వాత ఆదాయ ఖర్చుల పట్టీ వేయాలి. స్టెప్‌ఛేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ ఇందుకు ఉచితంగా సాయపడతాయి. ఆ పట్టీల్లో మా వాళ్లు వదిలేసే పద్దులు రెండు. ఒకటి వీసా ఖర్చు. వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జి ఒక్కటే విద్యార్థి వీసా కాని పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్లకు ముందే కట్టాలంటే 3,105. నెలకు 86 పక్కన పెట్టినట్టు రాయకపోతే, వీసా పొడిగించే నెలలో ప్లాను కూలుతుంది. రెండోది ఊళ్లో చదువు లోను ఈఎంఐ. అమ్మానాన్నల ఇల్లో పొలమో తాకట్టులో ఉంటే అది ఆపగలిగే ఖర్చు కాదు. బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి రాయాలి. కౌన్సిల్ అంతా ఒప్పుకుంటుందన్న భరోసా లేదు, కానీ దాచి ఒప్పుకున్న ప్లాను రెండో నెలకే తప్పుతుంది.

ప్లాను తప్పడానికి అసలు కారణం ఇంకోటి. పాత బకాయికి నెలకు ఇంత అని ఒప్పుకుని, ఈ ఏడాది వాయిదాను మరిచిపోతారు. అది తప్పగానే దానిమీద ఇంకో ఆర్డర్, ఇంకో ఖర్చు. ఈ ఏడాది వాయిదా పోగా మిగిలిందే బకాయికి ఇవ్వాలి. బకాయి 1,140 ఉండి, అన్నీ పోను నెలకు 95 మిగిలితే, 12 నెలల ప్లాను అడగాలి. మార్చి 31లోపు తీర్చాలని పట్టుబడతారు, అయినా 95 దాటి మాట ఇవ్వకూడదు. జవాబు రాకముందే మొదటి 95 కట్టేయడం మంచిది, ఏ సంవత్సరానిదో రాసి మరీ. ఈ ఏడాది బిల్లును 10కి బదులు 12 వాయిదాలు చేయమంటే కౌన్సిల్ చేయాలి, అది హక్కే. సమన్లు వచ్చాక ప్లాను కుదిరితే ‘ఖర్చులు ఎత్తేయండి’ అని కూడా అడగండి. అడగనివాళ్లకు ఎత్తేయరు. ఇంకా ఊపిరి ఆడకపోతే సలహాదారు ద్వారా బ్రీథింగ్ స్పేస్ తీసుకోవచ్చు. 60 రోజులు జప్తు, వసూలు ఆగుతాయి. ఈ ఏడాది వాయిదాలు మాత్రం ఆ కాలంలోనూ కట్టాలి.

ఆర్డర్ పడ్డాక కౌన్సిళ్లు ఎక్కువగా పట్టే దారులు రెండు. ఒకటి బేలిఫ్, అంటే జప్తుకు వచ్చే ఏజెంటు. 2014లో పెట్టిన రేట్ల ప్రకారం ఫైలు చేతికి రాగానే 75 పౌండ్లు, గుమ్మం తొక్కితే 235, అప్పు 1,500 దాటిన భాగం మీద 7.5 శాతం. నోటీసు గడువులోపు మాట్లాడుకుంటే మొదటి ఫీజుతోనే పోతుంది. ఈ అప్పుకు మొదటిసారి వచ్చినప్పుడు తలుపు బద్దలుకొట్టి లోపలికి రాలేరు. బయట నిలిపిన కారు చక్రానికి మాత్రం క్లాంపు (కదలకుండా తాళం) వేయగలరు. పని ముట్లకు 1,350 పౌండ్ల విలువ దాకానే రక్షణ. ఇళ్లకెళ్లి సేవ చేసే కేర్ వర్కరు కారు అంతకు మించితే ఏం చేయాలో మీరే చెప్పండి.

రెండోది జీతంలో కోత. ఆ పట్టిక 2007 నాటిది, లోపం అందులోనే ఉంది. చేతికొచ్చే నెల జీతం 1,420 పౌండ్లయితే 12 శాతం, అంటే 170. ఒక్క పౌండు పెరిగి 1,421 అయితే మొత్తం మీద 17 శాతం, అంటే 241. పౌండు జీతం పెరిగినందుకు 71 పౌండ్లు ఎక్కువ పోతాయి. 2,020 దాటితే దాటిన దాంట్లో సగం. 2,400 వచ్చే మనిషికి నెలకు 533 పోతుంది. ఇలాంటి ఆర్డర్లు ఒకేసారి రెండు నడవొచ్చు కూడా. ఓవర్‌టైం చేసిన నర్సు ఎందుకు చేశానా అనుకోవాల్సిన పట్టిక ఇది.

2025లో మీ శాఖ ఈ వసూలు పద్ధతి మీద అభిప్రాయాలు సేకరించింది. 12 వాయిదాలను మామూలు పద్ధతి చేయడం అందులో ఉంది, మంచిదే. కానీ రోగం అక్కడ లేదు. లయబిలిటీ ఆర్డర్ అడిగే ముందు ‘మీ ఆదాయ ఖర్చులు పంపండి, ప్లాను ఇస్తాం’ అని కౌన్సిల్ రాసి తీరాలన్న నియమం లేకపోవడమే రోగం. ఆ ఉత్తరం పంపినట్టు రుజువు చూపకపోతే మెజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వకూడదు. పాత సంవత్సరాల బిల్లులకు కనీసం 12 నెలల వాయిదాలు హక్కుగా ఇవ్వండి. కోత పట్టికను శ్లాబు దాటిన భాగానికే వర్తించేలా సవరించండి. కోర్టు ఖర్చులకు వేల్స్ మాదిరిగా అంకె పెట్టండి. ఈ బకాయి కట్టనివాళ్లకు మూడు నెలల దాకా వేసే జైలుశిక్షను వేల్స్ 2019లోనే తీసేసింది, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంచుకోవడం దేనికో తెలియదు.

చాలా యూనివర్సిటీలు కోర్సు ముగింపు తేదీలను కౌన్సిళ్లకు ఎలాగూ ఇస్తాయి. ఆ తేదీకి నెల ముందే ఆ విద్యార్థికి ‘మీ మినహాయింపు ఫలానా రోజుతో ముగుస్తుంది, తర్వాత నెలకు ఇంత పడుతుంది’ అని ఒక ఈమెయిల్ వెళ్లేలా చేయండి. ఈ సెప్టెంబరు లోపే మొదలుపెట్టొచ్చు, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇట్లు,
ఇంగ్లండ్‌లోని తెలుగు కుటుంబాలకు బకాయి ఉత్తరాలు రాసిపెట్టే కొందరం