మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు చేసిన పనులు, మే నెల ఆర్బొరేటమ్ ట్రిప్పు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గులు, ఉగాది, బతుకమ్మ మూడూ బానే జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూసేశారు కాబట్టి మళ్లీ చెప్పను, లెక్కలు ట్రెజరర్ గారు జనరల్ బాడీలో చదువుతారు. కమిటీ టైమంతా తినేసింది మాత్రం ఒక్కటే, బాస్టన్‌లో ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్, అంటే హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల చెట్ల తోట, అక్కడికి ట్రిప్పు.

ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలు "ఎంతసేపూ మాల్సేనా, కాస్త చెట్టూ చేమా చూపించండర్రా" అనడంతో మొదలైంది. 281 ఎకరాలు, టికెట్ లేదు, పొద్దు పొడిచినప్పట్నించి పొద్దుగూకేదాకా తెరిచే ఉంటుంది. 1872లో మొదలైన తోట, 1882లో హార్వర్డ్ వాళ్లు స్థలం సిటీకి రాసిచ్చి మళ్లీ ఏడాదికి ఒక్క డాలర్ చొప్పున వెయ్యేళ్లకి లీజుకి తీసుకున్నారు, మనం హాల్ అద్దె కట్టినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

ముందు అక్టోబర్‌కి పెట్టుకున్నాం. డేట్ ఫిక్స్ చేసిందీ, రూల్స్ చదవకుండా పులిహోర కలిపించిందీ నేనే, తీరా ముందురోజు చూస్తే లోపల పిక్నిక్ చెయ్యకూడదట! ఆ పులిహోర మా బేస్‌మెంట్‌లో తిన్నాం, తోటకి మాత్రం నలుగురం వెళ్లి చూసొచ్చాం.

చూడ్డం మంచిదైంది. ప్రతి చెట్టుకీ చిన్న రేకు బిళ్ల వేలాడుతుంది, దానిమీద పేరు, నంబరు, ఎక్కడ్నించి వచ్చిందో ఉంటాయి. డాన్ రెడ్‌వుడ్ అని ఒకటుంది, శిలాజాల్లో మాత్రమే మిగిలిందనుకున్న జాతి, చైనాలో బతికే ఉందని తెలిసి 1948లో విత్తనాలు తెప్పించి మొలిపించారు. మొదలు దగ్గర బెరడు పీచు పీచుగా, తాటిపట్టలా ఊడొస్తోంది. మాతో వచ్చిన పెద్దావిడ అదంతా విని "వేపచెట్టు లేదా నాయనా" అన్నారు. ఈ చలికి వేప ఎక్కడ బతుకుతుందండీ.

అక్టోబర్‌లో పిక్నిక్ కుదరలేదు కాబట్టి ఇప్పుడు లైలాక్ సండేకి మార్చాం, లైలాక్ అనే పూలమొక్కల పేరుమీద ఆ తోటలో చేసే పండగ అది, మే రెండో ఆదివారం, మదర్స్ డే కూడా అదే. 1908 నించీ ఉన్న పండగ, ఏడాదిలో పిక్నిక్‌కి ఒప్పుకునేది ఆ ఒక్కరోజే, అయినా పొయ్యి, గ్రిల్ వద్దు. ఈసారి వారం ముందే రూల్స్ ఇంకోసారి చదువుతా, ఒట్టు. 400 దాకా లైలాక్ మొక్కలున్నాయి, పూసే టైమ్ వాతావరణం చేతిలో ఉంటుంది.

కార్లు తేకండి, ఆరోజు పార్కింగ్ దొరకడం కష్టం. మెట్రో రైలు ఆరెంజ్ లైన్ చివరి స్టేషన్ ఫారెస్ట్ హిల్స్‌లో దిగితే గేటు నడిచే దూరమే. లోపల రోడ్లు నున్నగానే ఉన్నాయిగానీ ఎత్తుపల్లాలు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం మడత కుర్చీలు, మంచినీళ్లు, చాపలు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. బాత్‌రూమ్ పని విజిటర్ సెంటర్ దగ్గరే కానిచ్చి ముందుకెళ్లడం నయం.

పులిహోర, దద్దోజనం ఎవరు కలుపుతారో ఉగాదిలోపు పేర్లివ్వండి. అక్టోబర్ బ్యాచ్‌లో ఉప్పు తక్కువైంది.