వరంగల్ మట్టెవాడ గోడబొమ్మకు ఫొటోలు వెతికిచ్చిన అందరికీ శనార్తులు

రోడ్డు వెడల్పులో మా గల్లీ మొదట్ల ఉన్న గోడ పోయింది. గోడతోపాటు బొమ్మలూ పోయినయి. 2014ల, ఇటు రాష్ట్రం వచ్చిన సంబురం, అటు కాళోజీ నూరేండ్ల జయంతి, రెండూ కలిసొస్తే గల్లీ పిల్లలు చందాలేసుకొని వేయించిన బొమ్మలవి. రోడ్డుతోని నాకు పేచీ లేదు. ఒక్కరోజు ముందు చెప్తే అయిపోయేది.

తీరా చూస్తే, ఆ బొమ్మను బొమ్మగా ఎవ్వరం ఫొటో తీసుకోలే. ఎప్పుడూ మన వెనకనే ఉండె గదా! అందుకే మీ ఇంటి ఫొటోలు అడగాల్సి వచ్చింది. బతుకమ్మ ఆడిన ఫొటోలల్ల కాకతీయ తోరణం దొరికింది. ఎవరిదో బరాత్ ఫొటోల పెండ్లికొడుకు భుజం మీదికెళ్లి కాళోజీ కండ్లద్దాలు కనబడ్డయి. మేడారం గద్దెలకు బంగారం, అదే మన బెల్లం, నెత్తిన పెట్టుకొని పోయే ఆడామె మాత్రం ఒక్క ఫొటోలనే ఉన్నది. అదీ ఒక అవ్వ దినాల నాడు గోడ పక్కన టెంటు కింద తీసింది. అసొంటి ఫొటో ఇయ్యాలంటే మనసు రాదు. ఆ ఇంటోళ్లకు చేతులెత్తి దండం.

జేసీబీ నడిపిన తమ్మునికి కూడా. చాయ్ తాగొస్తనని బండి ఆపి, మస్తు సేపు రాలే. ఆ సందులనే రెండు పెచ్చులు గోనెసంచిల ఏసుకున్నం. రంగు లేచిన కాడ సున్నం, సున్నం కింద ఎప్పటిదో ఎన్నికల గోడరాత నీలం రంగుల కనబడుతున్నది. ఏ పార్టీదో చెప్ప.

ఇగ బట్ట మీద పటాలు గీసే చేర్యాల నకాషీ అన్న. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర రంగు నేల మీద మీ ఫొటోలు చూసుకుంట బొమ్మలన్నీ మళ్ల గీస్తున్నడు. సామాన్ల పైసలు తప్ప కూలి తీసుకుంటలేడు. "గోడ మళ్ల పోతదేమో, పటమైతే చుట్టుకొని ఉరకొచ్చు" అంటడు. ఖర్చుల లెక్క గుడికాడి బోర్డుకు అతికించినం, చూసుకోన్రి.

కింద కుడిమూల ఒక్కటే తేలలేదు. అక్కడున్న పిలగాని చేతుల పతంగి ఉండెనా, మేకపిల్ల ఉండెనా అని గల్లీ అంత కొట్లాట. మేకపిల్ల అనేటోళ్లే ఎక్కువ, కానీ ఫొటో లేనిది అన్న గియ్యనంటున్నడు. ఎవరి ఆల్బంల ఉన్నా సద్దుల బతుకమ్మ లోపు పంపున్రి.