రంగు వేసే దిక్కు లేదు గానీ క్లస్టర్లట!

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ పత్రికలో వచ్చిన పత్తి, జౌళి క్లస్టర్ల వార్త గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైంది, ఏం చేయను, జూన్ అంటే మాకు స్కూలు యూనిఫారాల సీజన్. జౌళి పరిశ్రమ ఇక క్లస్టర్ పద్ధతిలోనే, అంటే అన్ని పనుల యూనిట్లూ ఒకేచోట చేరితేనే, పైకొస్తుందని హోటల్ సదస్సులో పెద్దలు సెలవిచ్చారట. ఆ సదస్సుకు వెళ్లొచ్చిన మిత్రుడి చేతిలో అక్కడ ఇచ్చిన సంచి చూశాను. పత్తికాయ బొమ్మ ముచ్చటగా అచ్చేశారు. సంచి మాత్రం ప్లాస్టిక్ గుడ్డ.

అంబర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా పద్నాలుగు మిషన్లతో కుట్టు యూనిట్ నడుపుతున్నాను. క్లస్టర్ అంటే ఏమిటో నేను తమిళనాడులోని తిరుపూర్ వెళ్లి చూశాను. ఒక వీధిలో అల్లిక, పక్క వీధిలో అద్దకం, మేడ మీద లేబుళ్లవాడు, కింద అట్టపెట్టెలవాడు. రాత్రి పదకొండింటికి ఓవర్‌లాక్ మిషన్‌లో లూపర్ అనే చిన్న ముక్క విరిగితే అరగంటలో మెకానిక్ వచ్చాడు, జేబులో కొత్త లూపర్‌తో సహా. ఇక్కడ అదే విరిగితే నేను బండేసుకుని సికింద్రాబాద్ పోవాలి. ఆదివారమైతే సోమవారం దాకా టైలర్లు టీ తాగుతూ కూర్చోవాల్సిందే.

నిరుడు ఒక స్కూలుకు నేవీ బ్లూ కాటన్ గౌన్లు కుడుతుంటే గుడ్డ తగ్గింది. ఈరోడ్ నుంచి అదే రంగు నంబరు గుడ్డ మళ్లీ తెప్పించాను. హెడ్మిస్ట్రెస్ గారు రెండు గౌన్లు కిటికీ దగ్గర పక్కపక్కన పట్టుకుని చూపించారు. ఒకటి నేవీ బ్లూ, రెండోది వంకాయ రంగు. రంగు సరిచేయిద్దామని ఊరంతా తిరిగాను. చీరలకు రంగులేసేవాళ్లు ‘అంత గుడ్డ మా వల్ల కాదు సార్’ అన్నారు. పెద్ద డైయింగ్ వాళ్లేమో ‘ఇంత చిన్న లాటు మేం పట్టం’ అన్నారు. మళ్లీ ఈరోడ్‌కే పంపాలంటే ట్రాన్స్‌పోర్ట్‌లో పోయి రావడానికే వారం. ఈలోగా బడులు తెరిచేశారు. ఆ తొంభై గౌన్లు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి.

పత్తి పండించడంలో మన తెలంగాణ దేశంలో మొదటి మూడు రాష్ట్రాల్లో ఒకటి. పండిస్తాం, గింజ తీస్తాం, 170 కిలోల బేళ్లు కట్టి లారీ ఎక్కిస్తాం. అక్కడితో మన ఓపిక అయిపోతుంది. నూలు, గుడ్డ, రంగు, అంటే డబ్బులున్న పనులు చాలావరకు అవతలి రాష్ట్రాల్లో. వరంగల్‌లో 1934లోనే నిజాం ఆజంజాహి మిల్లు పెట్టించాడు. ఉన్న మిల్లును మూసి ఆ నేలను ప్లాట్లు చేసుకున్నాం. తర్వాత అదే వరంగల్ పక్కన 2017 అక్టోబర్‌లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన. 2023లో కేంద్రం అదే పార్కును పీఎం మిత్ర అనే జౌళి పార్కుల పథకంలోని ఏడింటిలో చేర్చింది. ఏడింటికీ కలిపి 4,445 కోట్లు. ఇంత పత్తి నేల మీది పార్కులో ముందుగా పని మొదలైన వాటిలో ఒకటి ప్లాస్టిక్ సీసాల నుంచి పోగు తీసే ఫ్యాక్టరీ! మంచి పనే, కాదనను.

ఆ పథకానికి అయిదు ‘ఎఫ్’ల నినాదం ఉంది: ఫార్మ్ (పొలం), ఫైబర్ (పోగు), ఫ్యాక్టరీ, ఫ్యాషన్, ఫారిన్. ఇందులో రంగు ఎవరి వాటాలో ఉందో నాకు అర్థం కాలేదు. అద్దకం అనగానే నీళ్లు పాడవుతాయని అందరూ తప్పుకుంటారు. భయం న్యాయమే. తిరుపూర్‌లో నొయ్యల్ నదిని పాడు చేశారని 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లన్నీ మూయించింది. చచ్చీచెడీ వాడిన నీళ్లు శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం నేర్చుకున్నారు, నిలబడ్డారు. మూసీ పక్కన బతికేవాణ్ని, మా వీధిలో డైయింగ్ పెట్టమనేంత తెలివితక్కువ నాకు లేదు. ముందు పది మందికీ పనికొచ్చే శుద్ధి ప్లాంటు, చిన్న లాట్లు పట్టే డైయింగ్ యూనిట్ కట్టండి. ఆర్చీ, ప్రహరీ గోడా తర్వాత కట్టుకోవచ్చు. మనవాళ్లకు ఆర్చీ మొదటి విడతలోనే వచ్చేస్తుంది.

మరమగ్గాల సిరిసిల్ల కూడా క్లస్టరే కదా. సర్కారు ఆర్డరుంటే మగ్గాలు ఆడతాయి, లేకపోతే పడుకుంటాయి. ఇక రైతు సంగతి. నల్లగొండ జిల్లాలో మా బావమరిది పోయిన నవంబర్‌లో పత్తి తీసుకుని కొనుగోలు కేంద్రానికి పోతే తేమ మీటరు 14 శాతం చూపించింది. తేమ 12 దాటితే కొనరు. రెండు రాత్రులు ట్రాక్టర్ మీదే పడుకుని, ఎండబెట్టి అమ్ముకొచ్చాడు. ఆరబోసుకోవడానికి అక్కడ ఒక సిమెంటు కల్లమన్నా లేదు. ఆయన్ని అడగండి క్లస్టర్ ఎలా ఉందని.

నేను కూడా ఓసారి సబ్సిడీ అడుగుదామని ఒక ఆఫీసుకు పోయాను. భూమి పత్రాలు తెమ్మన్నారు. అద్దె మేడ మీద కుట్టుపని చేసేవాడికి భూమెక్కడిది సార్ అంటే, ‘అయితే మీరు స్కీములోకి రారు’ అన్నాడు. మూడు నెలల తర్వాత పోతే ఆ సారు బదిలీ, కొత్త సారుకు ఫైలు దొరకలేదు. మీ పత్రికకూ ఒక మాట. శంకుస్థాపన ఫోటో మొదటి పేజీలో వేస్తారు. ఏడాది తర్వాత ఆ రాయి దగ్గర ఏముందో చూసి రమ్మని మీ విలేకరిని ఒక్కసారన్నా పంపారా?

వచ్చే సదస్సుకు సంచులు కావాలంటే నాకు కబురు చేయమనండి. అటక మీది గౌన్లు విప్పి కుట్టిస్తాను. అసలు సిసలు కాటన్. కాకపోతే రెండు షేడ్లలో ఉంటాయి.

— ఒక కుట్టు యూనిట్ యజమాని,
అంబర్‌పేట, హైదరాబాద్