మన సంఘం వార్షిక నివేదిక: గుమ్మం లోపల గోర్ బోలి, దాటితే తెలుగు

సభ్యులందరికీ రామ్ రామ్.

తండాలు వదిలి హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో స్థిరపడ్డ మన లంబాడీ కుటుంబాల సంఘం ఈ ఏడాది చేసిన పనులివి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివేశాం, కాపీ కోశాధికారి దగ్గరుంది. అందుకని ఇక్కడ లెక్కలు తక్కువ, ముచ్చట్లు ఎక్కువ.

ముందుగా ఆస్పత్రి సంగతి. వానాకాలంలో తండా నుంచి ఒక యాడిని, అంటే తల్లిని, నగరంలోని ఓ ఆస్పత్రికి తీసుకొచ్చారు. కొడుకు బండి పెట్టి వచ్చేలోపు చీటీ రాసే అమ్మాయి "ఏమైందమ్మా?" అనడిగింది. యాడి కడుపు పట్టుకుని "పేట్, పేట్" అంది. ఆ అమ్మాయి తలెత్తకుండానే "ఏ పేట? నర్సంపేటా?" అంది. లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఎందుకో తెలియక యాడీ నవ్వింది. మన గోర్ బోలిలో, అంటే లంబాడీ భాషలో, పేట్ అంటే కడుపని వాళ్లకెలా తెలుస్తుంది? కానీ డాక్టర్ గదిలో ఆమె ఇక నోరు విప్పలేదు, అన్నీ కొడుకే చెప్పాడు. ఆడవాళ్ల బాధ కొడుకు నోటితో ఎంతని చెప్పించగలం? అప్పుడే తోడు వెళ్లే ఆడవాళ్ల జాబితా ఒకటి తయారుచేశాం. డిగ్రీ చదివే అమ్మాయిలే ఎక్కువగా పేర్లిచ్చారు. పరీక్షలప్పుడు మాత్రం ఒక్కరూ దొరకలేదు. ఆ రోజుల్లో పెద్దవాళ్లు కదలాలి.

వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు ఒక్క అక్షరం మీద గొడవ నడిచింది, ఒకే మాటను "చ"తో రాయాలా, "ఛ"తో రాయాలా అని. మన భాషకు సొంత లిపి లేదు కదా. ఇక్కడ తెలుగులో రాస్తాం, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో. షోలాపూర్ బంధువుకు మన రాత అర్థం కాదు, వాయిస్ మెసేజ్ పెడితే మాత్రం వెంటనే బదులిస్తాడు. కాబట్టి నోటీసులు తెలుగులో, కబుర్లు వాయిస్‌లో అని తీర్మానించాం.

ఆదివారం పిల్లల క్లాసు సరిగా నడవలేదు, ఒప్పుకోవాలి. మనవాళ్లను గోర్ అని, బయటివాళ్లను కోర్ అని అంటామని చెబితే ఒక పిల్లవాడు "అయితే మా ఫ్రెండ్స్ అందరూ కోరేనా?" అన్నాడు. జవాబు చెప్పాల్సినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇళ్లలో దాది (నాయనమ్మ) గోర్ బోలిలో అడుగుతుంది, మనవడు తెలుగులో చెబుతాడు. తప్పు పిల్లలదని నేననను. బస్సులో మావాడు మన భాషలో గట్టిగా మాట్లాడితే "మెల్లగా" అన్నది నేనే.

ఇంకో మాట. 2011 జనాభా లెక్కల్లో 32 లక్షల మందికి పైగా లంబాడీని మాతృభాషగా రాయించుకున్నారు. లెక్క కట్టేటప్పుడు దాన్ని హిందీ కింద కలిపేశారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో మనది లేదు. కలిపేది వాళ్లే అయినా, రాయించేది మనం. ఈసారి ఇంటికొచ్చిన వాళ్లతో తొందరలో "తెలుగే రాసుకోండి సార్" అనకండి.

ఫిబ్రవరి 15న మన గురువు సేవాలాల్ జయంతి ఎప్పటిలాగే బాగా జరిగింది.

శ్రావణంలో తీజ్ పండుగకు అద్దె ఇళ్లలో డాబా మీద చోటివ్వక హాలు తీసుకున్నాం. అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోశారు. పాటలు ఫోన్‌లో చూసి పాడారు, పాడనీయండి. పక్కింటివాళ్లు వచ్చి "ఇది మీ బతుకమ్మా?" అనడిగితే "అట్లాంటిదే" అన్నాం. వాళ్లకు సులువుగా అర్థమైంది కానీ, ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. వచ్చే తీజ్‌కు హాలు గుమ్మం దగ్గర ఒక బోర్డు పెడదాం. తీజ్ అంటే ఏమిటో అందులో నాలుగు ముక్కలు తెలుగులో రాయగలిగినవాళ్లు ఉగాదిలోపు కార్యదర్శికి పేరివ్వండి. హాలు అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

– కార్యదర్శి